స్టెరాయిడ్‌కి తగ్గి మళ్లీ వాచిన చెయ్యి: వాతమేనా, లోపల ఇన్‌ఫెక్షన్ ఉందా?

మీరు రాసినదాంట్లో నాకు ముఖ్యమనిపించినవి ఇవి. మీ అన్నయ్యకు కుడిచేతి మధ్యవేలు, దాని కింద అరచెయ్యి, మణికట్టు అయిదు నెలలుగా వాచి ఉన్నాయి. ఎడమ చెయ్యి, కాళ్లు బాగానే ఉన్నాయి. జ్వరం రాలేదు. రుమటాయిడ్ వాతం కోసం చేసే రక్తపరీక్షలు ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ నెగెటివ్, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ కొంచెం ఎక్కువ. సీరోనెగెటివ్ ఆర్థరైటిస్ (ఆ రక్తపరీక్షలు నెగెటివ్‌గా ఉండే కీళ్లవాతం) అనుకుని, రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్, తక్కువ మోతాదులో స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాక కొన్ని వారాలు హాయిగా ఉండి, ఆ తర్వాత వాపు ముందుకంటే పెరిగింది. ఇప్పుడు బయొలాజిక్ ఇంజెక్షన్లు (రోగనిరోధక వ్యవస్థలో ఒక్కో భాగాన్ని గురిపెట్టి అడ్డుకునే మందులు) వేద్దామంటున్నారు. ఇదంతా ఇన్‌ఫెక్షన్ కావచ్చా అని అడిగారు.

కావచ్చు. బయొలాజిక్ మొదటి డోసు పడకముందే తేల్చుకోవాల్సినంత అవకాశం ఉంది. చెయ్యి చూడకుండా ఇన్‌ఫెక్షనేనని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ ఒకే చేతికి పరిమితమై, వేలి నుంచి మణికట్టు దాకా టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) వెళ్లే దారినే పట్టుకుని, స్టెరాయిడ్ పడ్డాక తిరగబెట్టిన వాపు చూస్తే, కీళ్లవాతం కేసులు ఏళ్లుగా చూస్తున్న ఎవరికైనా అనుమానం రావాలి. ఈ చేతి నుంచి ఇంతవరకు ఎవరూ ఒక చుక్క నీరు గానీ, వాచిన పొరలో ఒక ముక్క గానీ తీసి పరీక్షకు పంపినట్టు మీరు రాయలేదు. నిజంగానే పంపలేదంటే, ముందు జరగాల్సిన పని అదే.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ సాధారణంగా రెండు చేతుల చిన్న కీళ్లనూ పట్టుకుంటుంది. ఒకవైపు మొదలైనా నెలలు గడిచేకొద్దీ రెండోవైపు కూడా వస్తుంది. అయిదు నెలలైనా ఎడమచెయ్యి శుభ్రంగా ఉందంటే ఆ రోగనిర్ధారణకు బలం తగ్గుతుంది. పైగా మీరు చెబుతున్న వాపు అచ్చంగా కీలు వాపులా లేదు. వేలి కీళ్లు వాస్తే వాపు కీలు దగ్గరే ఉబ్బెత్తుగా కనపడుతుంది. వేలు, అరచెయ్యి, మణికట్టు ఒకే గీత మీద వాచాయంటే వేలిని ముడిచే టెండన్ చుట్టూ ఉండే తొడుగు వాచిందని అర్థం. ఈ తొడుగు వాపు సోరియాసిస్ వాతంలో వస్తుంది, గౌట్‌లో వస్తుంది, సార్కాయిడోసిస్‌లో వస్తుంది, రుమటాయిడ్‌లో కూడా వస్తుంది. కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని ఇన్‌ఫెక్షన్ అనలేం. అయితే ఆయన ఒంటిమీద సోరియాసిస్ మచ్చలు లేకుండా, యూరిక్ యాసిడ్ గొడవ లేకుండా, ఇంకే కీలూ నొప్పెట్టకుండా ఒక్క తొడుగే నెలల తరబడి వాచి ఉంటే, జాబితాలో ఇన్‌ఫెక్షన్ పైకి రావాలి.

ఒక్క చిన్న పరీక్ష ఇంట్లోనే చూడొచ్చు. మణికట్టు మడత మీద అడ్డంగా గట్టి పట్టీ లాంటి లిగమెంట్ ఉంటుంది. దానికి పైన ముంజేతి వైపు ఒక ఉబ్బు, కింద అరచేతి వైపు ఒక ఉబ్బు ఉండి, ఒకదాన్ని నొక్కితే లోపలి నీరు రెండోదానిలోకి కదిలినట్టు తెలిస్తే దాన్ని కాంపౌండ్ పామర్ గాంగ్లియన్ అంటారు. సర్జరీ చదివిన ప్రతి డాక్టరుకూ ఈ పేరు గుర్తుంటుంది, ఎందుకంటే పాత రోజుల నుంచీ టీబీకి ఇది పేరుమోసిన గుర్తు. రుమటాయిడ్‌లోనూ రావచ్చుగానీ, ఒకే చేతిలో కనపడితే టీబీని పక్కన పెట్టకుండా ఎవరూ ముందుకెళ్లకూడదు. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయేమో కూడా అడగండి. ఆ వాపు మణికట్టులోంచి వెళ్లే మీడియన్ నరాన్ని నొక్కుతుంటే అలా అవుతుంది. చాలామంది ముందు ఈ తిమ్మిరి గురించే డాక్టరు దగ్గరికి వెళ్తారు.

స్టెరాయిడ్ సంగతి కొంచెం విడమర్చి చెప్పాలి, ఎందుకంటే అందరూ బోల్తాపడేది ఇక్కడే. "స్టెరాయిడ్ ఇస్తే తగ్గింది, కాబట్టి ఇది వాతమే" అనే మాట రోగుల నోటా వింటాను, కేస్ షీట్లలోనూ చూస్తాను. స్టెరాయిడ్ తగ్గించేది శరీరం చేస్తున్న హడావిడిని. వాపు, వేడి, నొప్పి, ఎరుపు ఇవన్నీ క్రిమి నేరుగా చేసేవి కావు, దాని మీదికి మన రోగనిరోధక కణాలు ఎగబడడం వల్ల వచ్చేవి. స్టెరాయిడ్ పడగానే ఆ కణాలు వెనక్కి తగ్గుతాయి, నొప్పి తగ్గుతుంది, రోగి సంతోషిస్తాడు. లోపలి క్రిమికి మాత్రం అడ్డు తొలగిపోతుంది. అందుకే నెమ్మదిగా పెరిగే క్రిములున్నచోట కథ ఒకే తీరుగా నడుస్తుంది: ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు వారాలు బాగుంటుంది, తర్వాత వాపు ముందున్న హద్దు దాటి పాకుతుంది. మీ అన్నయ్య విషయంలో మీరు రాసింది ఇదే. వాతంలో కూడా స్టెరాయిడ్ ప్రభావం అయిపోయాక వాపు తిరిగి వస్తుంది, నిజమే. కానీ వచ్చినప్పుడు మామూలుగా పాత స్థాయికే వస్తుంది. కొత్త చోటికి పాకడం, చర్మం రంగు మారడం, ఇంజెక్షన్ ఇచ్చిన చోట గడ్డలా తేలడం లాంటివి ఉంటే వాతం ఖాతాలో వేయకూడదు.

ఇక ఏ క్రిములు? ఇన్‌ఫెక్షన్ అనగానే చీము, జ్వరం, చలి గుర్తొస్తాయి. అది ఒక రకం. స్టెఫిలోకాకస్ ఆరియస్ లాంటి బాక్టీరియా కీలులో చేరితే గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో కీలు ఎర్రగా వాచి, ముట్టుకోనివ్వదు. దాదాపు సగం కేసుల్లో అది మోకాలే. కొద్ది రోజుల్లోనే మృదులాస్థి పాడైపోతుంది కాబట్టి అది ఎమర్జెన్సీ. అందులో కూడా జ్వరం అందరికీ రాదు, సుమారు సగం మందిలోనే కనపడుతుంది. వేలి టెండన్ తొడుగులో అలాంటి చీము చేరితే నాలుగు గుర్తులుంటాయి: వేలు కొంచెం వంగి ఉండిపోతుంది, మొత్తం వేలు ఒకే లావున వాస్తుంది, టెండన్ దారి పొడవునా నొక్కితే నొప్పి, వేలిని మరొకరు చాపబోతే ప్రాణం పోయినంత నొప్పి. వీటిని కనావెల్ గుర్తులంటారు. ఇవి కనపడితే ఆ రోజే చేతి సర్జన్ దగ్గరికి వెళ్లాలి. అయిదు నెలలు సాగదీసే రోగం ఇది కాదు గనక మీ అన్నయ్యది ఈ రకం కాదు.

ఆయనకు సరిపోయేది రెండో రకం, నిదానంగా నెలల మీద నడిచేది. అందులో మొదటి వరసలో టీబీ, దాని చుట్టాలైన ఇతర మైకోబాక్టీరియాలు, కొన్ని ఫంగస్‌లు ఉంటాయి. ఇవి చాలాసార్లు చీము పట్టించవు, జ్వరం తెప్పించవు, తెల్లకణాల లెక్కను పెంచవు. ఊపిరితిత్తుల్లో టీబీ కూడా ఉండితీరాలని లేదు. ఎముకలు, కీళ్ల టీబీ ఉన్నవాళ్లలో చాలామందికి ఛాతీ ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. కాబట్టి "ఎక్స్‌రే బాగుంది, టీబీ లేదు" అనే మాటతో తృప్తిపడొద్దు.

మైకోబాక్టీరియం మారినం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది చేతినే ఎంచుకుంటుంది. 1926లో అమెరికాలో ఫిలడెల్ఫియా ఆక్వేరియంలో చనిపోయిన సముద్రపు చేపల్లో అరాన్సన్ దీన్ని గుర్తించాడు. మనుషులకు కూడా వస్తుందని 1951లో స్వీడన్‌లో ఒక ఈతకొలను వాడినవాళ్లలో బయటపడింది. ఈ క్రిమికి 30 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వేడి ఇష్టం, 37 డిగ్రీల దగ్గర సరిగా పెరగదు. ఒంటి లోపలి భాగాలకంటే చల్లగా ఉండే వేళ్లు, మణికట్టు, మోచెయ్యి దానికి అనువుగా ఉండేది అందుకే. చేపల తొట్టి కడిగినప్పుడో, చేప ముల్లు గుచ్చుకున్నప్పుడో, పీత, రొయ్య గీరుకున్నప్పుడో, నీళ్లలో పనిచేస్తూ గాయమైనప్పుడో చిన్న గీతలోంచి లోపలికి పోతుంది. లక్షణాలు మొదలయ్యేది తరచు రెండు నుంచి నాలుగు వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత. ఈలోపు ఆ గాయం మానిపోయి ఉంటుంది, మనిషి దాన్ని మర్చిపోయి ఉంటాడు. డాక్టరు "ఏమైనా దెబ్బ తగిలిందా?" అని అడిగితే "లేదండీ" అంటాడు. అందుకే ప్రశ్నను మార్చి అడగాలి. ఇంట్లో అక్వేరియం ఉందా, ఎవరు శుభ్రం చేస్తారు? చేపలు, రొయ్యలు ముట్టుకునే పని ఉందా? తోటపని చేస్తారా, ముల్లు విరిగి లోపల ఉండిపోయిందా? ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా? ఈ ప్రశ్నలు మీరే అన్నయ్యను తీరిగ్గా కూర్చోబెట్టి అడగండి, వాపు మొదలవడానికి ముందు తొమ్మిది నెలల దాకా వెనక్కి వెళ్లి అడగండి. క్లినిక్‌లో అయిదు నిమిషాల్లో గుర్తురానివి ఇంట్లో గుర్తొస్తాయి.

ముల్లు అన్నాను కాబట్టి అదీ చెబుతాను. మొక్కల ముళ్లతో స్పోరోథ్రిక్స్ అనే ఫంగస్ లోపలికి పోవచ్చు. క్రిమి ఏమీ లేకపోయినా ముల్లు ముక్క ఒక్కటే కీలు పొరను నెలలపాటు రగిలించగలదు. చెక్క, ముల్లు ఎక్స్‌రేలో కనపడవు, అల్ట్రాసౌండ్‌లో కనపడతాయి. అలాంటి చోట ముల్లు తీసేస్తే తప్ప ఏ మందుకీ తగ్గదు.

రక్త పరీక్షల మీద మీరు పెట్టుకున్న ఆశ కొంచెం తగ్గించుకోవాలి. ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ అయితే రుమటాయిడ్ కాదని, పాజిటివ్ అయితే ఇన్‌ఫెక్షన్ కాదని రెండూ తప్పే. గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్, హెపటైటిస్ సి, టీబీ, కుష్ఠు వీటన్నింటిలోనూ ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ రావచ్చు. యాంటీ సీసీపీ అంతకంటే నమ్మదగినది, అయినా టీబీ ఉన్న కొందరిలో అదీ పాజిటివ్ వస్తుంది. సీఆర్‌పీ, ఈఎస్ఆర్ వాపు ఎంతుందో చెబుతాయి తప్ప ఎందుకుందో చెప్పవు. ఒక్క టెండన్ తొడుగులో నిదానంగా పెరిగే మైకోబాక్టీరియం ఉంటే సీఆర్‌పీ మామూలుగానే ఉండొచ్చు. టీబీ కోసం చేసే మాంటూ (చర్మ పరీక్ష), ఇగ్రా (రక్త పరీక్ష) పాజిటివ్ వస్తే ఆ మనిషి ఎప్పుడో టీబీ క్రిమికి ఎదురుపడ్డాడని అర్థం, ఈ వాపు టీబీదేనని కాదు. స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లలో అవి తప్పుగా నెగెటివ్ రావచ్చు. ఇంకో విచిత్రం, మారినం ఉన్నవాళ్లలో కూడా ఇగ్రా పాజిటివ్ రావచ్చు, ఎందుకంటే ఆ పరీక్ష వెతికే ప్రొటీన్లు దానిలోనూ ఉంటాయి.

ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్ పనికొచ్చేది ఎక్కడ గుచ్చాలో చూపడానికి. తొడుగు లోపల పొర మందంగా ఉందా, నీరుందా, ఎముక కొరికినట్టుందా, బియ్యపు గింజల్లాంటి తెల్లని తునకలు తేలుతున్నాయా అన్నది కనపడుతుంది. ఆ తునకలు కనపడితే టీబీ, ఇతర మైకోబాక్టీరియాల అనుమానం పెరుగుతుంది, అయినా రుమటాయిడ్‌లోనూ ఉంటాయి. బొమ్మ చూసి ఇది వాతం, ఇది ఇన్‌ఫెక్షన్ అని ఖాయంగా చెప్పగల రేడియాలజిస్టు లేడు. మంచి రేడియాలజిస్టు ఆ మాట రిపోర్టులోనే రాస్తాడు.

కాబట్టి తిరిగి తిరిగి నీరు, ముక్క దగ్గరికే వస్తాం. కీలులో నీరుంటే సూదితో తీయాలి. ఘన మిల్లీమీటరుకు తెల్లకణాలు 25,000 లోపు ఉంటే మామూలు బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ అవకాశం తగ్గుతుంది, 50,000 దాటితే బాగా పెరుగుతుంది, లక్ష దాటితే ఇన్‌ఫెక్షనేనని పట్టుకుని వైద్యం మొదలుపెట్టాలి. ఈ అంకెలు చీము పట్టించే బాక్టీరియాకు వర్తిస్తాయి, టీబీకి, మారినంకు కాదు. వాటిలో లెక్క 10,000, 20,000 దగ్గర ఉండి అచ్చం వాతం నీరులాగే కనపడుతుంది. గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి సూక్ష్మదర్శినిలో బాక్టీరియాను వెతికే పరీక్షలో) ఏమీ కనపడకపోవడం పెద్ద విషయం కాదు, నిజంగా బాక్టీరియా ఉన్నప్పుడు కూడా సగానికిపైగా సార్లు అది దొరకదు. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కనపడ్డాయని కల్చర్ (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్ష) ఆపేయకూడదు, గౌట్, ఇన్‌ఫెక్షన్ రెండూ ఒకే కీలులో ఉండగలవు.

టెండన్ తొడుగు విషయంలో నీరు చాలదు, పొర ముక్క కావాలి. కీళ్ల టీబీలో నీటి స్మియర్‌లో (గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూస్తే) క్రిమి కనపడేది అయిదుగురిలో ఒకరికి. కల్చర్‌లో అంతకంటే చాలా ఎక్కువ మందిలో దొరుకుతుంది, పొర ముక్కను కల్చర్‌కూ సూక్ష్మదర్శినికీ రెండింటికీ పంపితే ఇంకా ఎక్కువ. ఈ ముక్క తీసే పని చేతి సర్జరీ తెలిసిన డాక్టరు చేస్తే మంచిది. అదే సమయంలో వాచిన పొరను శుభ్రం చేయొచ్చు, నరం మీద ఒత్తిడి తీసేయొచ్చు.

ఇప్పుడు నా అనుభవంలో ఎక్కువ కేసులు చెడిపోయే చోటికి వద్దాం. ఆపరేషన్ బాగా జరుగుతుంది, మంచి ముక్క వస్తుంది, మొత్తం తీసుకెళ్లి ఫార్మలిన్ సీసాలో వేస్తారు. ఫార్మలిన్‌లో పడ్డ క్షణంలో క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్ అనేది ఉండదు. వారం తర్వాత "నాన్ స్పెసిఫిక్ క్రానిక్ సైనోవైటిస్" (ఫలానా కారణమని చెప్పలేని దీర్ఘకాలపు పొర వాపు) అని రిపోర్టు వస్తుంది. అందరూ ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చేసుకుంటారు. నిజానికి ఆ రిపోర్టు దేన్నీ కొట్టిపారేయలేదు. స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ వాడుతున్న మనిషిలో గ్రాన్యులోమాలు (క్రిమి చుట్టూ రోగనిరోధక కణాలు కట్టే గుంపులు) సరిగా ఏర్పడకపోవచ్చు, ఏర్పడినా ఆ ముక్కలో పడకపోవచ్చు. కాబట్టి ముక్కను రెండు భాగాలు చేయాలి. ఒకటి ఫార్మలిన్‌లో పాథాలజీకి, రెండోది సెలైన్ చుక్కలు వేసిన శుభ్రమైన స్టెరైల్ డబ్బాలో మైక్రోబయాలజీకి. దూదిపుల్లతో తుడిచి పంపితే చాలదు, కణజాలమే కావాలి. ఆపరేషన్‌కు ముందురోజే సర్జన్‌ను ఈ మాట అడగండి, అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

రెండోది, ల్యాబ్‌కి చెప్పడం. కాగితం మీద "కల్చర్" అని ఒక్క మాట రాస్తే ల్యాబ్ మామూలు బాక్టీరియా కల్చర్ చేస్తుంది, కొద్ది రోజులు చూసి "ఎదుగుదల లేదు" అని పంపేస్తుంది. నెమ్మదిగా పెరిగే క్రిమికి ఆ గడువు ఏ మూలకూ చాలదు. కాగితం మీద రాయాల్సినవి: మామూలు కల్చర్, ఫంగస్ కల్చర్, ఏఎఫ్‌బీ స్మియర్ (టీబీ జాతి క్రిములను వెతికే రంగు పరీక్ష), మైకోబాక్టీరియా కల్చర్ 37 డిగ్రీల దగ్గర ఒకటి, 30 డిగ్రీల దగ్గర ఒకటి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచాలి అని. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు అయితే మైకోబాక్టీరియం హీమోఫిలం అని ఇంకొకటి ఉంది, దానికి ఇనుము కలిపిన మీడియం కావాలి, చెప్పకపోతే ఎన్నాళ్లుంచినా పెరగదు. టీబీ పీసీఆర్ (క్రిమి డీఎన్ఏను వెతికే పరీక్ష) కూడా అడగండి, ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, పాజిటివ్ వస్తే గొప్ప మేలు. నెగెటివ్ వస్తే మాత్రం టీబీ లేదని ఖాయం కాదు, పైగా మారినం లాంటి చుట్టాలను ఆ పరీక్ష అసలు వెతకదు. డాక్టరుగారు మైక్రోబయాలజిస్టుకు ఒక ఫోన్ చేసి "చేతి టెండన్, అయిదు నెలలు, స్టెరాయిడ్ వాడారు" అని చెబితే ఈ కాగితాలన్నింటికంటే ఎక్కువ పని జరుగుతుంది.

ముక్క తీయకముందు యాంటీబయాటిక్ వాడొద్దు. ముఖ్యంగా సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ లాంటివి "ఒకసారి వేసి చూద్దాం" అని ఇస్తుంటారు. అవి టీబీ మీద సగం సగం పనిచేస్తాయి, కొన్నాళ్లు తగ్గినట్టు చేసి కల్చర్‌ను పాడుచేస్తాయి. పైగా ఆ మందులకు టెండన్లను దెబ్బతీసే గుణం ఉంది, వాచిన టెండన్ ఉన్న మనిషికి, అందులోనూ స్టెరాయిడ్ మీద ఉన్నవాడికి ఇవ్వాల్సిన మందులు కావు. ఇప్పటికే వాడి ఉంటే డాక్టరుతో చెప్పి, పరిస్థితి నిలకడగా ఉంటే ఒకటి రెండు వారాలు ఆగి ముక్క తీయించడం మేలు. ఈ ఆగడం నెమ్మది రకానికే. ఎర్రగా, వేడిగా, జ్వరంతో వాచిన కీలు విషయంలో నీరు తీసిన వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాల్సిందే.

బయొలాజిక్‌ను ఇంతగా ఎందుకు ఆపమంటున్నానంటే, వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే బయొలాజిక్‌లు గ్రాన్యులోమాను కూలదోస్తాయి. శరీరం టీబీ క్రిమి చుట్టూ కట్టిన ఆ గోడ టీఎన్ఎఫ్ లేకపోతే నిలవదు. ఆ రకానికి చెందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవాళ్లలో టీబీ తిరగబెట్టడం 2001లోనే బయటపడింది, అప్పటి నుంచే ఆ మందులకు ముందు టీబీ పరీక్ష తప్పనిసరి చేశారు. కానీ ఆ పరీక్ష నిద్రాణంగా ఉన్న టీబీ కోసం, చేతిలో ఇప్పటికే ఉన్న ఇన్‌ఫెక్షన్‌ను పట్టుకోవడానికి కాదు. టోసిలిజుమాబ్ అనే మరో బయొలాజిక్ అయితే ఇంకో చిక్కు: అది సీఆర్‌పీని అణిచేస్తుంది. లోపల చీము పడుతున్నా రిపోర్టులో సీఆర్‌పీ మామూలుగా కనపడుతుంది. ఆ మందు వాడుతున్న మనిషికి ఒక కీలు మిగతావాటితో సంబంధం లేకుండా వాస్తే సీఆర్‌పీ చూసి ఊరుకోకుండా సూది పెట్టాలి. ఇది ఖాయంగా రుమటాయిడ్ ఉన్నవాళ్లకు కూడా వర్తిస్తుంది. వాళ్ల కీళ్లకు ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం మామూలు వాళ్లకంటే ఎక్కువ, "ఆర్థరైటిస్ తిరగబెట్టింది" అని అందరూ అనుకోవడం వల్ల ఆలస్యమూ ఎక్కువే.

చాలా కీళ్లకు ఒకేసారి వచ్చే నకిలీ వాతాల గురించి కూడా అడిగారు గనక క్లుప్తంగా చెబుతాను. చికున్‌గున్యా, పార్వోవైరస్ బి19, హెపటైటిస్ బి రెండు చేతుల చిన్న కీళ్లకూ వచ్చి అచ్చం రుమటాయిడ్‌లా కనపడతాయి. చాలావాటిలో వారాల్లో తగ్గుతుంది, అందుకే 2010 రుమటాయిడ్ ప్రమాణాలు లక్షణాలు ఆరు వారాలు నిండాయా లేదా అన్నదాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. చికున్‌గున్యా మాత్రం ఆ గడువు దాటి నెలలు సాగగలదు. వయసులో ఉన్నవాళ్లకు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారే కీళ్లనొప్పులు, మణికట్టు, చీలమండ టెండన్ల వాపు, ఒంటిమీద అక్కడక్కడా చిన్న చీముపొక్కులు ఉంటే గనేరియా గురించి అడగాలి. సిగ్గుపడి అడగకపోతే దొరకదు, కీలు నీటి కల్చర్‌లో సగానికి తక్కువ సార్లే దొరుకుతుంది కాబట్టి మూత్రం, గర్భాశయ ముఖం, గొంతు, మలద్వారం నుంచి పరీక్ష తీయాలి. నడుము, తుంటి నొప్పితో పాటు చెమటలు పట్టే జ్వరం ఉండి పచ్చిపాలు తాగే అలవాటుంటే, పశువుల నుంచి వచ్చే బ్రుసెల్లా బాక్టీరియా. నడివయసు మగవాళ్లలో ఏళ్ల తరబడి వచ్చిపోయే సీరోనెగెటివ్ వాతం బయొలాజిక్‌తో పెచ్చుమీరితే విపుల్ జబ్బు (బాక్టీరియా వల్ల వచ్చే అరుదైన పేగు జబ్బు) గుర్తుకు రావాలి. అందులో పేగు లక్షణాలకు ఏళ్ల ముందే కీళ్లనొప్పులు మొదలవుతాయి. ఊపిరితిత్తుల్లోనో లింఫ్ గ్రంథుల్లోనో టీబీ ఉండి, కీళ్లలో క్రిమి లేకుండానే కీళ్లు వాయడం కూడా ఉంది, దాన్ని పాన్సే వ్యాధి అంటారు, టీబీ మందులతో అదే తగ్గుతుంది. మీ అన్నయ్య కథ వీటిలో దేనికీ సరిపోదు.

డాక్టరుగారితో ఎలా మాట్లాడాలో కూడా అడిగారు. "మీరు తప్పు చేశారు" అనే ధోరణిలో వెళ్లకండి. సీరోనెగెటివ్ ఆర్థరైటిస్ అనుకోవడం మొదట్లో తప్పేమీ కాదు, నేనైనా మొదటి నెలలో అలాగే అనుకుని ఉండొచ్చు. "ఒక్క చేతికే ఉంది, ఇంజెక్షన్ తర్వాత పెరిగింది, బయొలాజిక్‌కు ముందు బయాప్సీ చేయించి టీబీ, ఇతర మైకోబాక్టీరియా, ఫంగస్ లేవని చూసుకుందామా అండీ?" అని అడగండి. ఏ మంచి డాక్టరూ ఆ ప్రశ్నకు కాదనడు. ఈలోపు ఆ చేతిలో మళ్లీ స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించొద్దు. మాత్రల రూపంలో నెలలుగా వాడుతున్న స్టెరాయిడ్‌ను మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, బీపీ పడిపోయి ప్రమాదం రావచ్చు. దాన్నీ మెథోట్రెక్సేట్‌నూ ఏం చేయాలో డాక్టరే చెప్పాలి. జ్వరం వచ్చినా, వేలు వంగిపోయి చాపలేకపోయినా, ఎరుపు ముంజేతి వైపు పాకినా, చర్మం పగిలి నీరు కారినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు వెళ్లండి.

ఇన్‌ఫెక్షన్ అని తేలితే నిరుత్సాహపడకండి, వీటిలో చాలావరకు నయమయ్యేవే. మారినం అయితే సాధారణంగా క్లారిత్రోమైసిన్‌తో పాటు ఎథాంబ్యుటాల్ గానీ రిఫాంపిసిన్ గానీ కలిపి నెలలపాటు ఇస్తారు, టెండన్ లోతుగా పట్టి ఉంటే ఆరు నెలలో, ఇంకా ఎక్కువో పడుతుంది. గ్రాన్యులోమా కనపడగానే కల్చర్ రాకముందే టీబీ మందులు మొదలుపెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. టీబీ ఎక్కువగా ఉన్నచోట అది అర్థం చేసుకోదగ్గదే. కానీ మారినం, టీబీ మందుల్లో ఒకటైన పైరజినమైడ్‌కు లొంగదు, కోర్సు లెక్కా వేరు. కాబట్టి మందులు మొదలుపెట్టినా కల్చర్ ఫలితం వచ్చేదాకా ఆ ఫైలు మూయొద్దు. వేళ్లు బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ ఆపరేషన్ తర్వాత వీలైనంత త్వరగా మొదలుపెట్టాలి, ఎన్నో రోజు నుంచో సర్జన్‌నే అడగండి.

ఎనిమిది వారాలు ఉంచిన కల్చర్లు నెగెటివ్ వచ్చి, ముక్కలో గ్రాన్యులోమా లేకపోతే మీ డాక్టరుగారి మొదటి మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ, అప్పుడు బయొలాజిక్ మొదలుపెట్టుకోవచ్చు. పాథాలజీ వాళ్లను ఆ ముక్కను పొదిగిన మైనపు బ్లాకు దాచి ఉంచమనండి. మందు మొదలుపెట్టాక చెయ్యి మళ్లీ తేడా చేస్తే కొత్తగా ముక్క తీయించండి, పాత బ్లాకు మీద కూడా పీసీఆర్ చేయించవచ్చు.